అరువు చెయ్యి

ఆ కార్ఖానాలో ఆమెని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. కొయ్యకాళ్ళు చెక్కే వడ్రంగి దగ్గర్నుంచి తోలుపట్టీలు కుట్టే పిల్ల దాకా అందరికీ ఆమె రంగులక్కే. అచ్చులు పోసే తాతకి డెబ్బై దాటాయి, ఆయన కూడా అక్కా అనే అంటాడు. ఇంతమందికి అక్క అయిన మనిషిని నిజంగా అక్కా అని పిలవాల్సినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాడు మాత్రం పిలవడు. చెప్పబోయేది ఆ సంగతే.

పెద్దాసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే గదిని ఆనుకుని ఉన్న పొడుగాటి రేకుల షెడ్డు ఆ కార్ఖానా. కాళ్ళు పోయినవాళ్ళకి కాళ్ళూ, చేతులు పోయినవాళ్ళకి చేతులూ చేస్తారక్కడ. ముందు భాగమంతా కాళ్ళ పని. సుత్తి చప్పుడూ, కొయ్యపొట్టూ, ఊపిరి పీలిస్తే ముక్కులోకి పోయే ప్లాస్టర్ దుమ్మూ. వెనక, ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉన్న గది రంగులక్కది. కాలు పంట్లాం కింద, బూటు లోపల దాక్కుంటుంది, దాని రంగు ఎవడిక్కావాలి? చెయ్యి అలా కాదు, నలుగురిలోకీ పోతుంది. అందుకని కొయ్యచేతి మీదికి మెత్తటి రబ్బరు తొడుగు ఒకటి చేస్తారు. ఆ తొడుగుకి మనిషి చర్మం రంగు తెప్పించడం ఆమె పని. ఇరవై ఏళ్ళ పైబడి అదే పని.

ఆమె బల్ల మీద అయిదు డబ్బాలు ఉంటాయి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, మట్టిరంగు. ఎంత తెల్లటి చెయ్యి కావాలన్నా, ఎంత నల్లటి చెయ్యి కావాలన్నా ఆ అయిదింట్లోంచే రావాలి. పాళ్ళు మారతాయి, అంతే. ఈ సంగతి చెబితే విన్నవాళ్ళంతా ఎంత గొప్ప మాట అన్నారని తలలు ఊపుతారు. ఊపినవాళ్ళ ఇంట్లో గది అద్దెకి అడిగితే, అయ్యో, నిన్ననే ఎవరికో ఇచ్చేశామంటారు. రంగులక్క నల్లటి మనిషి. ఉంగరాల జుట్టు మీద ఎప్పుడూ ఒక గుడ్డ బిగించి కట్టుకుని ఉంటుంది.

తండ్రి ఓడలో బొగ్గు వేసే కళాసీ. ఏ సముద్రం అవతల నుంచో వచ్చాడు. జబ్బుపడితే ఓడవాళ్ళు ఈ రేవులో దించేసి పోయారు. కోలుకున్నాక ఇక్కడే క్రేను దగ్గర పనికి కుదిరి, లాండ్రీలో ఇస్త్రీ చేసే పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్ల ఈ ఊరిదే, పచ్చటి మనిషి. మొదట కూతురు పుట్టింది, అచ్చం తండ్రి. నాలుగేళ్ళకి కొడుకు పుట్టాడు, అచ్చం తల్లి. ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని వీధిలోకి వస్తే, జనం కొడుకుని చూసి బుగ్గ గిల్లేవాళ్ళు, కూతుర్ని చూసి ఈ పిల్లెవరని అడిగేవాళ్ళు. నా కూతురే అంటే, కాకిపిల్ల కాకికి ముద్దులే అని వినబడేట్టే అనుకునేవాళ్ళు. ఐదు వేళ్ళూ ఒకలా ఉంటాయా అని నవ్వి తల్లి ముందుకు నడిచేది. అప్పటికి ఆమెకి నవ్వే ఓపిక ఉండేది.

అయితే వేళ్ళ విషయంలో మాత్రం ఇద్దరూ ఒకటే. తండ్రి చిటికెన వేలు లోపలికి, ఉంగరపు వేలి మీద వాలుతున్నట్టు వంకరగా ఉండేది. కప్పు పట్టుకుంటే ఆ వేలు ముడుచుకోక పక్కకి నిలబడేది. ఆ వంకర ఇద్దరు పిల్లలకీ, రెండు చేతులకీ వచ్చింది. రంగు పంచేటప్పుడు పక్షపాతం చేసిన దేవుడు వేలు దగ్గర సమానంగానే వడ్డించాడు.

బళ్ళో తమ్ముడు నాలుగడుగులు ముందు నడిచేవాడు. అక్క వెనక నడిచేది. ఎవరూ చెప్పలేదు, అలా కుదిరిపోయింది. తండ్రి బొగ్గుదుమ్ము తిన్న ఊపిరితిత్తులతో దగ్గి దగ్గి పోయాక తమ్ముడు రేవు వైపు వెళ్ళడమే మానేశాడు. జుట్టులో ఉంగరం తెలియకుండా మొదలంటా కత్తిరించుకునేవాడు, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేవాడు.

అక్క అటు వెళ్ళి చూసింది. రేవు పక్క సందుల్లో తండ్రి మనుషులు కొందరుండేవాళ్ళు. తన రంగు మనుషులు, తన జుట్టు మనుషులు, ఇంకేం కావాలి అనుకుంది. వాళ్ళు కావలించుకున్నారు, కూర్చోబెట్టారు, తర్వాత వాళ్ళ భాషలో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమెకి తండ్రి తిట్టిన తిట్లూ, పాడిన జోలపాట ముక్కా తప్ప ఆ భాష రాదు. ఒక ముసలావిడ జాలిగా ఆమె చెంప నిమిరి పక్కనామెతో ఏదో అంది. ఆ పక్కనామె దాన్ని ఈ ఊరి భాషలోకి మార్చి చెప్పింది. "మన రంగేగానీ మన మనిషి కాదు అంటోంది." రెంటికీ చెడ్డ రేవడి అంటారే, ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వచ్చింది అదే. అప్పట్నుంచీ మీరెవరు అని ఎవరైనా అడిగితే, అడిగినవాడి మొహం చూసి జవాబు చెప్పడం నేర్చుకుంది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకి అమ్మ ఊరు చెప్పేది. రేవు వాళ్ళకి నాన్న పేరు చెప్పేది. కార్ఖానాలో చేరాక ఆ బాధ తప్పింది. ఎవరండీ మీరంటే, రంగులక్కని అంటే సరిపోయేది.

తమ్ముడికి ఒకటే జవాబు. అమ్మ మనిషిని అన్నాడు, దానికే కట్టుబడ్డాడు. ఆ జవాబు చాలా దూరం తీసుకెళ్ళింది కూడా. కలప డిపోలో గుమాస్తాగా చేరి, డిపో యజమాని కంట్లో పడ్డాడు. యజమాని తన కూతుర్ని ఇస్తానన్నాడు. ఇల్లు చూడటానికి వస్తున్నారంటే తండ్రి ఫొటో గోడ మీంచి దిగి పెట్టెలోకి వెళ్ళింది. అక్కని ఆ పూట కార్ఖానాలోనే ఉండిపొమ్మన్నారు. ఉండేదే, కానీ ఆసుపత్రిలో కరెంటు పోయి అందర్నీ ఇళ్ళకి పంపించేశారు. ఆమె తలుపు తోసేసరికి ముందుగదిలో కొత్తవాళ్ళు టీ తాగుతున్నారు. పెళ్ళికూతురి తల్లి కప్పు పెదాల దగ్గరే ఆపి, "ఈ అమ్మాయెవరండీ?" అంది.

తమ్ముడు చెప్పాల్సిన అవసరం రాలేదు. తల్లే చెప్పింది. అక్కని దగ్గరకి తీసుకుని, తల మీద చెయ్యి వేసి నిమురుతూ చెప్పింది. "ఎవరూ లేని పిల్లండీ, చేరదీసి పెంచుకున్నాను." ఎంత మంచి మనసో అన్నారు వచ్చినవాళ్ళు. తల్లి మంచితనం చూసే సంబంధం ఖాయం చేసుకున్నామని తర్వాత అందరికీ చెప్పుకున్నారు కూడా. పెళ్ళిలో రంగులక్క ప్లేట్లు అందించింది. పెంచుకున్న పిల్ల ఎంత కలుపుగోలుగా ఉందో అని మెచ్చుకున్నారు.

అవసానదశలో తల్లి ఆమె చెయ్యే పట్టుకుంది. కొడుకు చెయ్యి కాదు, వాడు డిపోలో ఉన్నాడు. "వాడికి ఆ మాట అవసరమమ్మా. నీకు గుండె ధైర్యం ఎక్కువ" అంది. అన్యాయం చేసినవాళ్ళందరూ చేయించుకున్నవాళ్ళ ధైర్యాన్ని అలాగే పొగుడుతారు. రంగులక్క నోట్లో నాలుక లేక కాదు, పోయే మనిషితో తగువేమిటని ఊరుకుంది. ఆ తర్వాత అక్కా తమ్ముళ్ళకి రాకపోకలు లేవు. తమ్ముడికో కూతురు పుట్టిందనీ, అది కాలేజీకి వచ్చిందనీ వాళ్ళ నోటా వీళ్ళ నోటా తెలిసేది. ఒకసారి డిపో ముందు బస్సు ఆగితే కిటికీలోంచి చూసింది. సన్నగా, పొడుగ్గా ఉంది పిల్ల. మేనత్త పోలిక అని ఎవరైనా అంటారేమోనని, అనడానికి ఎవరూ లేకపోయినా, రోజంతా ఆ మాటే తలుచుకుంది.

డిపోలో కోతమిషను దగ్గర కొత్త పనివాడికి పని చూపించబోయి తమ్ముడు ఎడమచెయ్యి పోగొట్టుకున్నాడు. మణికట్టు దాకా పోయింది. గాయం మానాక ఆసుపత్రివాళ్ళు వెనక షెడ్డుకి పంపారు. చుట్టుపక్కల ఊళ్ళలో చేతులు చేసే చోటు ఇంకోటి లేదు. భార్య వెంటబెట్టుకుని వచ్చింది. లోపలికి అడుగుపెట్టగానే కిటికీ దగ్గరున్న మనిషిని చూసి తమ్ముడు నిలబడిపోయాడు. భార్యే ముందు గుర్తుపట్టింది.

"నువ్వు మా అత్తగారు పెంచుకున్న అమ్మాయివి కదూ? ఇక్కడ చేస్తున్నావా? పోనీలే, తెలిసినవాళ్ళున్నారు" అంది, కుర్చీ లాక్కుంటూ.

ఇక్కడ ఆ కార్ఖానా పద్ధతి ఒకటి చెప్పాలి. కుడిచెయ్యి ఉంది కదా, దాని అచ్చులోంచే ఎడమచెయ్యి తియ్యరాదా అని తెలియనివాళ్ళు అడుగుతారు. కుడి అచ్చులోంచి కుడిచెయ్యే వస్తుంది. అందుకని, పోయింది ఏ చెయ్యో ఆ చెయ్యి ఉన్న రక్తసంబంధీకుణ్ణి ఒకణ్ణి తెమ్మంటాడు తాత. అన్నో చెల్లెలో వచ్చి ఆ చేతిని గడ్డకట్టే మందులో ముంచి కదలకుండా కూర్చుంటే, గోళ్ళూ గీతలూ సహా అచ్చు పడుతుంది. దాన్ని అరువు చెయ్యి అంటారు. తోబుట్టువు చెయ్యి అయితేనే మిగిలిన చేతితో జత కుదురుతుందని తాత నమ్మకం. నమ్మకం ఏమిటి, అనుభవం.

"తోబుట్టువులు ఎవరైనా ఉన్నారా బాబూ?" అన్నాడు తాత.

"ఎవరూ లేరండీ. ఆయన ఒక్కడే" అంది భార్య.

రంగులక్క చేతిలో నీలం డబ్బా మూత ఉంది. దాన్ని డబ్బా మీద పెట్టి బిగించింది. బిగించాక ఇంకా తిప్పుతూనే ఉంది. తమ్ముడు తేలు కుట్టిన దొంగలా నేల చూస్తున్నాడు. నేల మీద చూడదగిందేమీ లేదు, ప్లాస్టర్ దుమ్ములో చెప్పుల అడుగులు తప్ప.

భార్య మర్నాడు తన అన్నని వెంటబెట్టుకొచ్చింది. బావమరిది భారీ మనిషి, వేళ్ళు పొట్టిగా, బొద్దుగా వంకాయల్లా ఉన్నాయి. తాత ఆ చేతిని తమ్ముడి కుడిచేతి పక్కన పెట్టి చూసి, "ఈ జత వేసుకుని వీధిలోకి వెళ్తే, ఎవరి చెయ్యో కొట్టుకొచ్చావంటారు బాబూ" అన్నాడు. బావమరిది నవ్వి చెయ్యి తీసేసుకున్నాడు. తాత అటూ ఇటూ చూశాడు. పెద్దాయనకి మనసులో ఏ దురుద్దేశమూ లేదు, పని కావాలంతే.

"అక్కా, ఒకసారి నీ ఎడంచెయ్యి ఇక్కడ పెట్టు" అన్నాడు.

రంగులక్క కదల్లేదు. రెండోసారి పిలిస్తే వచ్చి పెట్టింది. బల్ల మీద పక్కపక్కన రెండు చేతులు. ఒకటి తేటగా, ఒకటి నల్లగా. పొడుగు ఒకటే, బొటనవేలి గోరు వెడల్పు ఒకటే, కణుపుల ముడి ఒకటే. చిటికెన వేళ్ళు రెండూ ఒకే వంకర తిరిగి పడుకుని ఉన్నాయి. చేతులు పోసీ పోసీ తాతకి చేతుల్లో చుట్టరికాలు తెలుస్తాయి. కళ్ళజోడు పైకి తోసి తమ్ముడి మొహం చూశాడు, అక్క మొహం చూశాడు, మళ్ళీ కళ్ళజోడు దించుకుని మందు కలపడానికి లేచాడు. భార్య మాత్రం నవ్వింది.

"విచిత్రంగా ఉందే. ఒకింట్లో పెరిగితే చేతులు కూడా ఒకలాగే పెరుగుతాయి కాబోలు."

ఆ నవ్వులో ఎవరూ కలవలేదు. అచ్చు గట్టిపడేదాకా రంగులక్క చెయ్యి చల్లటి మందులో పెట్టి కూర్చుంది. తమ్ముడు బయటికి వెళ్ళి సిగరెట్టు కాల్చాడు.

రంగు చూడటానికి తమ్ముడు ఒక్కడే వచ్చాడు. టోపీ పెట్టుకుని, చొక్కా చేతులు పూర్తిగా దించుకుని వచ్చాడు. రంగు ఎప్పుడూ కిటికీ వెలుతుర్లోనే చూడాలి, అందుకని పొద్దున్నే రమ్మంటారు. రంగులక్క ముందు సబ్బు ఇచ్చి చెయ్యి కడిగించింది. నీళ్ళతో పాటు తెల్లగా పౌడరు కారింది. చేతికి కూడా పౌడరు రాసుకొచ్చాడు. ఇద్దరూ ఆ నీళ్ళు చూశారు.

"బాగున్నావా?" అన్నాడు. అక్కా అనాల్సిన చోట కాస్త ఆగి, ఆగిన చోటే వదిలేశాడు.

"బాగానే ఉన్నాను. నిన్నొకటి అడగాలి" అంది ఆమె. "చెయ్యిచ్చానని అడగటం లేదు. అదెలాగూ ఇచ్చేదాన్నే. నీ కూతురికి మేనత్త ఉందని ఒక్కసారి చెప్పు. ఊరందరికీ వద్దు. దానికొక్కదానికి చాలు."

"ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు అదంతా?"

"ఇన్నేళ్ళయింది కాబట్టే."

తమ్ముడు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నెత్తి మీద వెంట్రుకలు కత్తిరించిన గడ్డిలా పొట్టిగా ఉన్నాయి. "నేను అబద్ధం ఆడలేదు. అమ్మ సగం ఉంది నాలో. ఆ సగమే చెప్పుకున్నాను. ఎవరేమిటో ఎవరికి వాళ్ళు చెప్పుకోవాల్సిందే గదా. అందులో తప్పేముంది?"

"తప్పనలేదు. మిగతా సగాన్ని పెంచుకున్న పిల్లని చేశారు, అదే అంటున్నాను."

"అది నేనన్నానా? అమ్మ అంది."

"ఆ మాట నీ పెళ్ళికి పనికొచ్చింది. నువ్వు కాదనలేదు."

తమ్ముడు కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "నీకేం. నిన్ను చూడగానే తెలిసిపోతుంది. నిన్నెవడూ అనుమానించడు. నేను రోజూ కాపలా కాయాలి. ఎవడైనా నా జుట్టు వైపు చూస్తే గుండె జారిపోతుంది. కూతురు పుట్టినప్పుడు, ఏ రంగులో ఉందో చూసేదాకా అది ఆడో మగో కూడా అడగలేదు నేను. నీకా బాధ లేదు."

నిజమే చెప్పాడు. ఆమెకి ఆ బాధ లేదు, వేరే బాధలున్నాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే బతుకు వాడిదని తెలిసి రంగులక్కకి జాలేసింది. వాడి మీద జాలి పడటం ఆమెకి చిన్నప్పటి అలవాటు. ఆ అలవాటే ఆమె కొంప ముంచింది.

"సరే, చెప్తాను. చెయ్యి తయారైన రోజు దాన్ని తీసుకొచ్చి, ఇక్కడే నీ ముందే చెప్తాను. చాలా?" అన్నాడు.

చాలు అంది.

తెల్లటి పలక మీద రంగు కలపడం మొదలుపెట్టింది. కలిపిన రంగు చుక్క ఒకటి చేతి మీద పెడితే, అది చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోవాలి. అప్పుడు కుదిరినట్టు. నాలుగోసారి చుక్క మాయమైంది. ఆమె తృప్తిగా తలెత్తితే తమ్ముడి మొహం మాడిపోయి ఉంది.

"ఇది కాదు. నల్లగా ఉంది."

"ఇది నీ చెయ్యే."

"ఎండకి కమిలింది ఇప్పుడు. నా అసలు రంగు ఇది కాదు. అమ్మ చెయ్యి గుర్తుందా నీకు? ఆ రంగు కలుపు. కణుపుల దగ్గర ఆ నలుపు కూడా పెట్టకు."

గిరాకీలు ఇలా మారాం చెయ్యడం ఆమెకి కొత్త కాదు. మామూలుగా అయితే గంటసేపు వాదించి, అద్దం తెచ్చి, ఎండలో నిలబెట్టి ఒప్పించి పంపిస్తుంది. ఆ రోజు ఒక్కసారే చెప్పింది. "తెల్లది పక్కన పెడితే నీ సొంత చెయ్యి నల్లగా కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ నీ చేతిని ఎవరూ పట్టించుకోలేదు. ఇక చూస్తారు."

"నువ్వు కలుపు" అన్నాడు.

కలిపింది. ఎందుకు రెండోసారి చెప్పలేదో ఆమెకి తెలుసు. అడిగింది ఇచ్చేద్దాం, అనుభవిస్తాడు అనుకుంది. ఆ విషం కడుపులో పెట్టుకునే కలిపింది. తల్లి చేతి రంగు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. పసుపు ఇంత, తెలుపు ఇంత, ఎరుపు చిటికెడు, పలక మీద తల్లి చెయ్యి వచ్చేసింది. తన తల నిమురుతూ ఎవరూ లేని పిల్ల అన్న చెయ్యి. ఏడుపొస్తుందేమో అనుకుంది, కోపమొచ్చింది.

తొడుగు అయ్యాక దాన్ని కొయ్యచేతికి ఎక్కించి బల్ల మీద పెట్టి చూసుకుంది. తన చెయ్యే అది. తన వేళ్ళు, తన గోళ్ళు, తండ్రి వంకర చిటికెన వేలు. రంగు తల్లిది. ఇలా పుట్టి ఉంటే ఎక్కడెక్కడ ఏయే తలుపులు తెరుచుకునేవో లెక్క వెయ్యబోయి, పనికిరాని లెక్క అని దాని మీద గుడ్డ కప్పేసింది.

చెయ్యి ఇచ్చే రోజున ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చింది. తలగుడ్డ కూడా కొత్తది. తాత చూసి, పనివాళ్ళని ఆ పూట ఆమె గది వైపు రానివ్వలేదు. తమ్ముడూ, భార్యా, కూతురూ వచ్చారు. మాట నిలబెట్టుకుంటున్నాడు అనుకుంది రంగులక్క. పిల్లకి కుర్చీ తుడిచి వేసింది.

చెయ్యి చక్కగా కూర్చుంది. భార్య తిప్పి తిప్పి చూసి, ఎంత నాజూగ్గా ఉందో అంది. కూతురు తండ్రి రెండు చేతుల్నీ బల్ల మీద పెట్టించి, వంగి చూసింది.

"నాన్నా, ఈ చెయ్యేంటి ఇంత నల్లగా ఉంది?"

వేలు పెట్టి చూపించింది కుడిచేతిని. ప్రాణమున్న చేతిని. తమ్ముడు దాన్ని బల్ల కిందికి లాక్కున్నాడు. "ఎండకి" అన్నాడు. పిల్ల చూపు అప్పటికే రబ్బరు చేతి మీదికి మళ్ళింది. "అరే, దీని చిటికెన వేలు కూడా నాలాగే ఉందే" అని తన చెయ్యి పక్కన పెట్టింది.

"ఆ చెయ్యి అరువిచ్చింది ఈవిడేనే" అంది తల్లి.

పిల్ల రంగులక్క వైపు తిరిగింది. ఆ అమ్మాయి కళ్ళలో కుతూహలం తప్ప ఇంకేమీ లేదు. "మీ వేలు కూడా ఇలాగే ఉంటుందా అండీ?" అంది.

మాట చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు దిగొచ్చినా ఇవ్వలేడు. రంగులక్క తమ్ముడి వైపు చూసింది. తనే చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ తను చెబితే అది నింద అవుతుంది, వాడు చెబితేనే చుట్టరికం. అందుకని చెయ్యి చాపి వేలు చూపించి, వాడి కోసం ఆగింది. తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ చాలా సాయం చేశారు. థాంక్స్ చెప్పమ్మా."

"థాంక్స్ ఆంటీ" అంది పిల్ల.

బస్సులో పక్క సీటు ఇచ్చిన ఆడమనిషిని ఏమంటారో అదే అంది. పిల్ల తప్పేముంది. వాళ్ళు వెళ్ళాక తాత టీ తెచ్చి పెట్టాడు. అది చల్లారి, మీగడ కట్టి, సాయంత్రం దాకా అక్కడే ఉంది.

వర్షాలు మొదలయ్యాక ఒక రోజు రంగు డబ్బాల కోసం బజారుకి వెళ్ళి వస్తుంటే తమ్ముడి డిపో ముందు నుంచి నడవాల్సి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఎవరినో సాగనంపుతున్నాడు. రబ్బరు చెయ్యి ఎత్తి ఊపుతున్నాడు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. వచ్చినవాడు చెయ్యి కలపబోతే జేబులోంచి తియ్యలేదు, ఎడమదే అందించాడు. వచ్చినవాడు తడబడి దాన్నే పట్టుకుని ఊపాడు. తన వేళ్ళని ఎవడో పట్టుకుని ఊపుతుంటే రంగులక్క గొడుగు కిందనుంచి చూసింది. అనుభవిస్తున్నాడు. అనుకున్నట్టే అయింది, అయినా సంతోషం కాలేదు.

ఆ నెల్లోనే తమ్ముడి భార్య ఒక్కతే వచ్చింది. అప్పటికి పనివాళ్ళు భోజనాలకి వెళ్ళారు. వచ్చి తలుపు దగ్గరగా వేసి కూర్చుంది.

"రెండు చేతులూ కలవడం లేదు. ఆయన కుడిచెయ్యి ఎవరికీ చూపించడం లేదు, ఇంట్లో కూడా జేబులోనే. కుడిచేతికి కూడా పలచటి తొడుగు ఒకటి చేసి పెట్టాలి. ఎడమదాని రంగులోనే."

"ఉన్న చేతికా?" అంది రంగులక్క.

"ఉన్న చేతికే. నువ్వేదో అడిగావట కదా, ఇది అయ్యాక ఆ పని తప్పకుండా చేస్తానని చెప్పమన్నాడు. ఏమడిగావేమిటి?"

రంగులక్కకి అప్పుడు పూర్తిగా తెలిసింది. ఈ తొడుగు అయ్యాక ఇంకో తొడుగు ఉంటుంది. వాడు ఎప్పటికీ చెప్పడు. నింద అయితే అయింది అనుకుంది.

"మీ అమ్మాయికి నేను మేనత్తనని చెప్పమన్నాను" అంది. "మీ ఆయన్ని కన్న కడుపే నన్నూ కంది."

తమ్ముడి భార్య ఉలిక్కిపడలేదు. చేతిసంచీ ఒళ్ళో సర్దుకుని, మెల్లిగా అంది.

"నాకు తెలుసు. పెళ్ళయిన మొదటి ఏడే తెలుసు. అత్తయ్య పెట్టె సర్దుతుంటే మామయ్య ఫొటో కనిపించింది. తెలుసని నేనెప్పుడూ చెప్పలేదు, ఆయన అడగలేదు. మా నాన్నకి తెలిస్తే డిపో ఉండేది కాదు. ఇప్పుడు అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నాకు తెలుసని ఆయనకి తెలియనివ్వకండి. కుమిలిపోతాడు."

ఇరవై రెండేళ్ళుగా వాడు కాపలా కాస్తున్న తలుపుకి అవతల ఈవిడ కూర్చుని ఉంది, వాడి కాపలా చూస్తూ. ఒకింట్లో పెరిగితే చేతులు ఒకలాగే పెరుగుతాయని నవ్విన నవ్వు రంగులక్కకి గుర్తొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా కాదు ఇది. కాలుతున్న చేతిని అందరూ కలిసి గుడ్డతో కప్పడం.

భార్య లేచి, బల్ల మీదకి వంగి, ఎప్పుడూ లేనంత ఆప్యాయంగా అంది. "ఆ తొడుగు ఎప్పటికవుతుందో చెప్పండి వదినా."

వదినా. ఇన్నేళ్ళకి ఆ ఇంటి నుంచి ఒక వరస వచ్చింది. తలుపు వేసి ఉన్న గదిలో, ఎవరూ లేకుండా చూసి, పని జరగడం కోసం వచ్చింది. రంగులక్క అయిదు డబ్బాల మూతలూ ఒక్కొక్కటే బిగించి వరసలో పెట్టింది.

"ఇక్కడ చేతులు లేనివాళ్ళకే చేస్తామండీ" అంది. "ఉన్నదాన్ని జేబులోనే పెట్టుకోమనండి."

ఆవిడ వెళ్ళిపోయాక తాత పళ్ళు కుట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వీధి మలుపు తిరుగుతున్న గొడుగు వైపు చూసి, "ఎవరక్కా, మీ చుట్టాలా?" అన్నాడు. తెలిసే అడిగాడు, ఇప్పుడైనా చెబుతుందేమోనని.

"కాదు తాతా. పని మీద వచ్చారు" అంది రంగులక్క, పలక తుడుచుకుంటూ.